టార్ వేయడానికి ముందు అడగాల్సిన ప్రశ్న: డెల్టాలో ఒక విలేకరి కేసు

భీమవరం చుట్టుపక్కల కంప్యూటర్, నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. విలేకరులు, లాయర్లు, ఊళ్లో ఏదో ఒక సమస్య మీద పోరాడే వాళ్లు అడిగితే ఆన్‌లైన్ భద్రత విషయంలో కూడా సాయం చేస్తాను. టార్ అంటే నెట్‌లో మనం ఎవరో, ఏ సైట్లు చూస్తున్నామో దాచే నెట్‌వర్క్, దాన్ని టార్ బ్రౌజర్‌తో వాడతారు. ఈ కేసు ఒక పత్రికకి మండల స్థాయిలో వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌ది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. సాంకేతికంగా జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు.

సంగతి ఏంటంటే

ఆయన ఊరి పక్కనుంచి పోయే మురుగు డ్రెయిన్‌లోకి రొయ్యల చెరువుల నీళ్లు శుద్ధి చేయకుండా వదిలేస్తున్నారు. ఆ డ్రెయిన్ చివరికి ఉప్పుటేరులో కలుస్తుంది. కలిసేలోపు ఒకచోట ఊరి మంచినీళ్ల చెరువు నింపే పంట కాలువకి ఆనుకుని పోతుంది. అక్కడ గట్టు బలహీనపడి ఆ నీళ్లు ఈ నీళ్లలోకి ఊరుతున్నాయి. ఆయన ఆ వార్త రాయడానికి ఇంట్లో కూర్చుని హరిత ట్రిబ్యునల్ పాత ఉత్తర్వులు, 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చదువుకుంటున్నారు. ఎవరికీ చెప్పలేదు, పత్రిక డెస్క్‌కి కూడా.

ఒకరోజు టీ కొట్టు దగ్గర చెరువులు లీజుకి తీసుకున్నతని దగ్గర పనిచేసే మనిషి పలకరించాడు. "ఏంటండీ, ట్రిబ్యునల్ దాకా వెళ్లిపోతున్నారంట? ఫిర్యాదు చేసినోళ్ల పేరు బయటికి రాకుండా ఉంటుందా అని కూడా చూసుకుంటున్నారంటగా?"

ఆయనకి ఒక్కసారి చెమటలు పట్టేశాయి. ఇంటికి నెట్ ఇచ్చేది ఊరి కేబుల్ ఆపరేటర్. ఆ ఆపరేటర్ బావమరిదికి కూడా చెరువులున్నాయి. ఇంకేముంది, నెట్ వైరు దగ్గరే చూసేస్తున్నారని తేల్చుకుని నా దగ్గరికి వచ్చారు.

"మాస్టారూ, టార్ అని ఏదో ఉందంట కదండీ, అది వేసేయండి. ఇంక వాళ్లకేం కనపడదు కదా?"

ఎవరి నుంచి దాచాలి?

నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ మొదట అడిగేది ఇదే. సాఫ్ట్‌వేర్ పేరు తర్వాత. ఎవరు చూస్తున్నారో తేలకుండా టార్ వేస్తే, ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టు అవుతుంది. అది ఏ తాళమూ లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే మనిషి ధైర్యంగా ఉండిపోతాడు.

ఇక్కడ ఆ టీ కొట్టు మాటే మాకు ఆధారం. ఇప్పుడు దాదాపు ప్రతి సైట్‌కీ ముందు హెచ్‌టీటీపీఎస్ ఉంటోంది, అంటే మనకీ సైట్‌కీ మధ్య పోయేది ఎవరూ చదవకుండా గుప్తలిపిలో (ఎన్‌క్రిప్షన్‌తో) పోతుంది. అలాంటి సైట్ తెరిచినప్పుడు నెట్ ఇచ్చే ఆపరేటర్‌కి సైట్ పేరు తెలుస్తుంది. బ్రౌజర్ ఆ పేరుని డీఎన్‌ఎస్‌లో, అంటే సైట్ పేరుకి నెట్ చిరునామా చెప్పే డైరెక్టరీలో, అడుగుతుంది కాబట్టి, కనెక్షన్ మొదలయ్యేటప్పుడు కూడా పేరు బయటికే వెళుతుంది కాబట్టి. కానీ ఆ సైట్‌లో ఏ పేజీ చదివారో, గూగుల్‌లో ఏ మాటలు కొట్టారో ఆపరేటర్‌కి కనపడవు. ట్రిబ్యునల్ సైట్ చూశారన్నది ఆపరేటర్ చెప్పి ఉండొచ్చు. "పేరు బయటికి రాకుండా ఉంటుందా" అన్నది మాత్రం ఆయన గూగుల్‌లో కొట్టిన ప్రశ్న. అది వైరు మీద కనపడే అవకాశం లేదు. అంటే కారుతున్నది ఇంకెక్కడో.

ఆయన గూగుల్ అకౌంట్‌లో "మీ డివైజ్‌లు" అన్న పేజీ తెరిచాం. ఆయన ఫోన్, ఇంటి కంప్యూటర్, వీటితో పాటు ఇంకో విండోస్ కంప్యూటర్ కనపడింది. కాసేపు ఆలోచించి గుర్తు చేసుకున్నారు. కరెంటు పోయినప్పుడు మ్యాటర్ పంపడానికి వెళ్లే జిరాక్స్, నెట్ సెంటర్. ఎప్పుడో అక్కడ మెయిల్ తెరిచి, క్రోమ్ "సింక్ ఆన్ చేయాలా" అని అడిగితే సరే అని నొక్కేశారు. సింక్ ఉంటే ఒక కంప్యూటర్లో వెతికినవి అదే అకౌంట్ ఉన్న మిగతా వాటిలోనూ కనపడతాయి. లాగౌట్ చేయలేదు.

ఇద్దరం అక్కడికి వెళ్లి, ఏదో ప్రింటు తీయించుకునే వంకతో ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. క్రోమ్‌లో హిస్టరీ తెరిస్తే, ఆయన ఇంట్లో ముందురోజు రాత్రి వెతికినవన్నీ వరసగా ఉన్నాయి. ఆ షాపులో పనిచేసే కుర్రాడు సాయంత్రాలు చెరువుల వాళ్ల లెక్కలు రాస్తాడు. అతనే చూశాడని నేను అనను, ఆ కుర్చీలో రోజంతా ఎవరెవరో కూర్చుంటారు. దారి దొరికింది, అది చాలు.

ఆ డివైజ్‌ని అకౌంట్ నుంచి తీసేశాం, పాస్‌వర్డ్ మార్చాం, రెండంచెల ధ్రువీకరణ పెట్టాం, సింక్ పూర్తిగా ఆపేశాం. అసలు బొక్క ఇలా పూడింది. దీనికి టార్‌తో పనే లేదు. టార్ ముందే వేసి, అందులో అదే జీమెయిల్‌తో లాగిన్ అయి వెతుక్కుని ఉంటే ఆ వెతుకులాటలన్నీ మళ్లీ అదే అకౌంట్‌లో చేరేవి.

అయినా టార్ ఎందుకు?

సైట్ల పేర్లు ఆపరేటర్‌కి ఇంకా కనపడుతూనే ఉన్నాయి కాబట్టి. ఇంట్లో బిగించిన బాక్స్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఆపరేటర్ దగ్గరే ఉంది, దూరం నుంచి సెట్టింగులు మార్చే వీలు ఆన్‌లో ఉంది, డీఎన్‌ఎస్ కూడా వాళ్ల సర్వర్‌కే పోతోంది. డెల్టా పల్లెల్లో నేను చూసిన చాలా ఇళ్లలో ఇంతే. నగరంలో లక్షల మందిలో మీరెవరో కంపెనీకి పట్టదు. పల్లెలో కేబుల్ ఆపరేటర్‌కి మీ ఇంటి పేరు, మీ నాన్నగారి పేరు, మీకు ఎవరితో గొడవలున్నాయో అన్నీ తెలుసు. సైట్ పేరు ఒక్కటి తెలిసినా మిగతాది అల్లుకుంటాడు.

"వీపీఎన్ చాలదాండీ? ఫోన్‌లో ఫ్రీగా వస్తోంది కదా" అన్నారు. వీపీఎన్ అంటే మన ట్రాఫిక్‌ని ఒక కంపెనీ సర్వర్ మీదుగా దాచి పంపే సేవ. అది వాడితే ఆపరేటర్‌కి కనపడదు, నిజమే. కానీ అప్పటిదాకా ఆపరేటర్ చూసేదంతా ఇప్పుడు ఆ వీపీఎన్ కంపెనీ చేతిలోకి వెళుతుంది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు వాడేవాళ్ల పేరు, చిరునామా, ఐపీ (నెట్‌లో కంప్యూటర్‌కి ఉండే నంబర్) లాంటి వివరాలు అయిదేళ్లు ఉంచాలి. అది ఇష్టం లేక కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లు తీసేశాయి. ఫ్రీ వీపీఎన్ అయితే దాని ఖర్చు ఎక్కడినుంచి వస్తోందో అడగాలి.

టార్‌లో నమ్మకం ఒక్కరి మీద పెట్టక్కర్లేదు. మన ట్రాఫిక్ మూడు రిలేల మీదుగా, అంటే దాన్ని అందుకుని ముందుకి పంపే మూడు సర్వర్ల మీదుగా, పోతుంది. మొదటి రిలేకి మనం ఎవరో తెలుసు, ఎక్కడికి పోతున్నామో తెలియదు. మధ్య దానికి ముందున్న రిలే, వెనకున్న రిలే తప్ప ఏమీ తెలియదు. చివరి దానికి ఏ సైట్‌కో తెలుసు, ఎవరో తెలియదు. మూడు పొరల ఎన్‌క్రిప్షన్, ఒక్కో రిలే దగ్గర ఒక్కో పొర ఊడుతుంది.

ఆయన ఇంకో అనుమానం అడిగారు: ఇది అమెరికా నేవీ వాళ్లదట కదా, నమ్మొచ్చా? అడగాల్సిన ప్రశ్నే. ఈ పద్ధతిని 1990లలో అమెరికా నౌకాదళ పరిశోధన ప్రయోగశాలలో మొదలుపెట్టారు. దాన్ని రూపొందించినవాళ్లలో ఒకరైన పాల్ సైవర్సన్ అక్కడి వారే. రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ తోడయ్యాక 2002లో నెట్‌వర్క్ నడవడం మొదలైంది, 2006లో టార్ ప్రాజెక్ట్ లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడింది. కోడ్ మొత్తం బహిరంగం, ఎవరైనా చదివి తప్పులు పట్టొచ్చు. నేవీ వాళ్లు ఒక్కళ్లే వాడితే ఆ నెట్‌వర్క్‌లోంచి బయటికి వచ్చే ప్రతి మనిషీ నేవీ మనిషే అని తెలిసిపోతుంది. రకరకాల జనం వాడితేనే ఎవరైనా అందులో కలిసిపోగలరు. అందుకే దాన్ని అందరికీ ఇచ్చారు.

చట్టం సంగతి కూడా చెప్పాను. మన దేశంలో టార్ వాడడాన్ని నిషేధించే చట్టం లేదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. టార్‌లో చేసినా తప్పు పని తప్పే, అది వేరే సంగతి.

కంప్యూటర్, ఇన్‌స్టాలేషన్

ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్‌తో పాత డెస్క్‌టాప్, విండోస్ 7. టార్ బ్రౌజర్ 14 నుంచి విండోస్ 7, 8లని వదిలేసింది. పాత వెర్షన్‌తో సరిపెట్టుకునే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ మీద గోప్యత గురించి మాట్లాడడం దండగ. కానీ ఆయన విండోస్ తీసేయలేరు. తెలుగు కొట్టే అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అందులోనే ఉన్నాయి, బతుకుతెరువు అది.

అందుకని విండోస్‌ని అలాగే వదిలి, చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి అదనంగా బిగించి దాని మీద విండోస్‌కి బదులు వాడే లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఆ డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసే ఆప్షన్ పెట్టాం, కంప్యూటర్ ఎవరైనా పట్టుకుపోయినా పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోదు. పెన్‌డ్రైవ్ మీద నడిచే టెయిల్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి కూడా ఆలోచించాం. ఏ జాడా మిగల్చని విషయంలో అది ఇంకా మేలు. కానీ ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టాలి, రోజూ చదువుకునే మనిషికి విసుగొచ్చి పది రోజుల్లో మళ్లీ విండోస్‌లోకే పోతారు. వాడనిది ఎంత గట్టిదైనా లాభం లేదు.

టార్ బ్రౌజర్‌ని ఆయన ఇంటి లైన్ మీద డౌన్‌లోడ్ చేయలేదు. నా దగ్గర టార్ ప్రాజెక్ట్ సొంత సైట్ నుంచే తీసుకుని, అది అసలుదేనని చూపించే సిగ్నేచర్ ఫైల్ పక్కనే ఉంటే అది కూడా దించి, జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో సరిచూశాం. "గుడ్ సిగ్నేచర్" అన్న మాట వచ్చాక, టార్ బ్రౌజర్ డెవలపర్ల కీ ఫింగర్‌ప్రింట్‌ని (ఆ సంతకం వాళ్లదేనని చెప్పే పొడుగాటి గుర్తుని) వాళ్ల సైట్‌లో ఇచ్చిన దాంతో మొదటి అక్షరం నుంచి చివరిదాకా పోల్చాం. చాలామంది ఈ పని వదిలేస్తారు. టార్ పేరుతో దొంగ కాపీలు తిరుగుతుంటాయి, ఇలాంటి సాఫ్ట్‌వేర్ దొంగది పడితే లేనిదానికంటే ఘోరం. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లో తెచ్చి హోమ్ ఫోల్డర్‌లో విప్పేశాం. ఇన్‌స్టాల్ అంటే అంతే. తర్వాత అప్‌డేట్లు టార్ మీదుగానే వస్తాయి.

మొదటి రోజు బాగానే కనెక్ట్ అయింది. తర్వాత ఫోన్ చేసి "తిరుగుతానే ఉందండి, రావట్లేదు" అన్నారు. కేబుల్ వాళ్లు కనిపెట్టి ఆపేశారేమో అని ఒకటే టెన్షన్. వెళ్లి చూస్తే స్క్రీన్ మూల ఉన్న తేదీ కొన్నేళ్లు వెనక్కి పోయి ఉంది. మదర్‌బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ అయిపోయింది, ఇన్వర్టర్ కూడా లేని ఇల్లు, కరెంటు పోయినప్పుడల్లా గడియారం మొదటికి వస్తోంది. పైగా సిస్టమ్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆఫ్‌లో ఉంది. టార్‌కి తేదీ, సమయం సరిగ్గా ఉండాలి, రిలేల జాబితాకి కాలపరిమితి ఉంటుంది కాబట్టి. బ్యాటరీ మార్చి, ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేస్తే వెంటనే కనెక్ట్ అయింది. టార్ రావట్లేదని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఇప్పుడు తేదీ గురించే.

బ్రిడ్జ్

టార్ రిలేల ఐపీల జాబితా బహిరంగమే. మామూలుగా టార్‌లోకి వెళితే, ఏం చూస్తున్నారో ఆపరేటర్‌కి తెలియదు గానీ, టార్ వాడుతున్నారని తెలుస్తుంది. పెద్ద నగరంలో ఇది పెద్ద విషయం కాదు. ఒక ఊరి కేబుల్ లైన్ మీద ఆయన ఒక్కరే టార్ వాడుతుంటే, అదే ఆయన్ని పట్టిస్తుంది. 2013 డిసెంబర్‌లో అమెరికా హార్వర్డ్‌లో ఒక విద్యార్థి పరీక్ష తప్పించుకోవడానికి టార్ మీదుగా బాంబు బెదిరింపు మెయిల్ పంపాడు. టార్‌ని ఎవరూ ఛేదించలేదు. ఆ సమయానికి కాలేజీ నెట్‌వర్క్‌లో టార్ వాడినవాళ్లెవరో చూశారు, అతను దొరికాడు. ఆ కుర్రాడు చేసింది నేరం, మన విలేకరి చేసేది ఊరి నీళ్ల గురించి చదవడం. కానీ గుంపు లేనిచోట దాక్కోలేమన్న సంగతి ఇద్దరికీ ఒకటే.

అందుకే బ్రిడ్జ్ పెట్టాం, అంటే ఆ బహిరంగ జాబితాలో లేని రిలే మీదుగా టార్‌లోకి వెళ్లే దారి. సెట్టింగ్స్‌లో కనెక్షన్ కింద ఉంటుంది. మొదట స్నోఫ్లేక్ చూశాం. అది వాలంటీర్ల బ్రౌజర్ల మీదుగా, చూసేవాడికి వీడియో కాల్ ట్రాఫిక్ లాగా కనపడేలా పోతుంది. ఆ లైన్ మీద మాటిమాటికీ తెగిపోయింది. ఓబీఎఫ్‌ఎస్4 బ్రిడ్జ్ అడిగి తీసుకున్నాం, అందులో డేటా ఏ రూపమూ లేని గజిబిజిలా పోతుంది. అది నిలబడింది. వేగం తక్కువే, పీడీఎఫ్ ఉత్తర్వులు దిగడానికి ఓపిక పట్టాలి. బ్రిడ్జ్ ఎప్పుడైనా చచ్చిపోతే ఇంకొకటి అడగడం ఆయనకే నేర్పాను. మామూలు కనెక్షన్‌కి మార్చేయొద్దని గట్టిగా చెప్పాను. అవసరంలో ఉన్నప్పుడు తొందరపడి చేసే పని అదే.

ఒక్క మాట. నెట్ మొత్తం కట్ చేస్తే ఇవేవీ పనిచేయవు. 2022 మే నెలలో కోనసీమ జిల్లా పేరు మార్పు గొడవలప్పుడు అమలాపురం వైపు ఇంటర్నెట్ ఆపేశారు. అలాంటప్పుడు టార్, బ్రిడ్జ్ ఉన్నా లేనట్టే.

సెట్టింగులు, అలవాట్లు

సెక్యూరిటీ లెవెల్ "సేఫర్"లో పెట్టాం. హెచ్‌టీటీపీఎస్ లేని సైట్లలో జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే ప్రోగ్రామ్ కోడ్) ఆగిపోతుంది, వీడియోలు నొక్కితేనే ఆడతాయి. "సేఫెస్ట్"లో పెడితే జావాస్క్రిప్ట్ అంతా పోయి, ప్రభుత్వ సైట్లలో సగం మెనూలు తెరుచుకోవు. కొన్ని సైట్లు టార్ నుంచి వస్తున్నామని చూసి అసలు రానివ్వవు కూడా. సైట్ పేరు పక్కన గుర్తు నొక్కి కొత్త సర్క్యూట్, అంటే వేరే రిలేల దారి, అడిగితే కొన్నిసార్లు తెరుచుకుంటాయి. ఒక పని ముగించి ఇంకోటి మొదలుపెట్టేటప్పుడు "న్యూ ఐడెంటిటీ" నొక్కడం వేరు, అది తెరిచినవన్నీ మూసేసి కుకీలు తుడిచేస్తుంది. ఈ రెండింటికీ తేడా ఆయన చేత చేయించి చూపించాను.

పేజీ చుట్టూ ఖాళీ అంచులు వస్తున్నాయని ఆయనకి చిరాకు. అవి కావాలని పెట్టినవి, అందరి విండో ఒకే కొలతల్లో కనపడడానికి. అలాగే ఉంచేయమన్నాను.

తెలుగు టైపింగ్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది. ఆయనకి చేతికి అలవాటైంది అను సాఫ్ట్‌వేర్‌లో యాపిల్ కీబోర్డు. బ్రౌజర్‌లో తెలుగు ఎక్స్‌టెన్షన్ వేసుకుంటానన్నారు. టార్ బ్రౌజర్‌లో ఏ ఎక్స్‌టెన్షనూ అదనంగా వేయకూడదు. కొట్టిన ప్రతి అక్షరాన్నీ అది చదవగలదు, పైగా అందరి బ్రౌజర్లలో మీదొక్కటే వేరుగా కనపడుతుంది. ఇంకా పెద్ద విషయం తర్వాత బయటపడింది. ఇన్నాళ్లూ అనులో కొట్టిన మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల్లోకి) మార్చడానికి ఏదో ఆన్‌లైన్ కన్వర్టర్‌లో మొత్తం పేస్ట్ చేస్తున్నారు. అంటే అచ్చుకాని వార్త, దానికి సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లతో సహా, ఎవరిదో తెలియని సర్వర్‌కి ఇచ్చేస్తున్నారు. మన పత్రికల వాళ్లలో ఈ అలవాటు బాగా ఉంది, దీన్ని గురించి ఎవరూ మాట్లాడరు. మింట్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు పెట్టి ఇచ్చాను. నేర్చుకోవడానికి కష్టపడ్డారు, కానీ ఇప్పుడు సున్నితమైన మ్యాటర్ అక్కడే నేరుగా యూనికోడ్‌లో రాస్తున్నారు.

హెచ్‌టీటీపీఎస్ లేని పేజీలో పేరు, పాస్‌వర్డ్ లాంటివి ఏవీ కొట్టొద్దన్నాను. 2007లో స్వీడన్‌కి చెందిన ఒకతను సొంతంగా ఎగ్జిట్ రిలేలు, అంటే దారిలో చివరి రిలేలు, నడిపి, ఎంబసీల ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు చాలా పట్టేశాడు. టార్ బద్దలవలేదు, వాళ్లే ఎన్‌క్రిప్షన్ లేకుండా మెయిల్ చూసుకున్నారు. అలాగే టార్‌లో దించిన పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు నెట్ తీసేసి తెరవాలి. కొన్ని ఫైళ్లు తెరవగానే వాటంతట అవే బయటి సర్వర్‌ని పలకరిస్తాయి, ఆ పలకరింపు టార్ మీదుగా పోదు.

ఫోటోలు

ఆయన డ్రెయిన్‌లోకి నీళ్లు వదిలే తూము ఫోటోలు తీశారు. ఫోన్ ఫోటోల్లో తీసిన చోటు, సమయం, ఫోన్ మోడల్ దాగి ఉంటాయి. మెటాడేటా క్లీనర్ అనే ప్రోగ్రామ్‌తో అవి తీసేశాం. తర్వాత ఫోటోని పెద్దది చేసి ఇద్దరం చూశాం. తూము పైనుంచి కనపడుతోంది, కింద ఎడమ మూలలో పిట్టగోడ అంచు, దాని మీద ఆరేసిన వడియాల చాప చివర. ఆ వైపు డాబా ఇల్లు ఒక్కటే, అది ఆయన మేనమామది. మెటాడేటా ఎంత తుడిచినా ఊళ్లో వాళ్లు ఆ ఫోటో చూడగానే ఏ డాబా మీంచి తీశారో చెప్పేస్తారు. అది పక్కన పెట్టేసి, అందరూ తిరిగే రోడ్డు వంతెన మీంచి తీసింది వాడారు.

రాసిన దాంట్లోనూ అంతే. ఫలానా రాత్రి ఫలానా తూము తీశారన్న సంగతి ఇద్దరికే తెలిస్తే, అది రాసినప్పుడే రాసిందెవరో తెలిసిపోతుంది. ఆ వాక్యం తీసేసి, పగలు ఎవరికైనా కనపడే విషయాలతోనే వార్త నిలబెట్టారు.

ఇప్పుడు

టీ కొట్టు దగ్గర అలాంటి పలకరింపులు మళ్లీ లేవు. చదవడం, ఉత్తర్వులు వెతకడం అంతా మింట్‌లో టార్ మీద. బ్యాంకు, జీమెయిల్, వాట్సాప్, పత్రిక పేజీలు ఎప్పటిలాగే మామూలు బ్రౌజర్లో. మామూలు వాడకం ఒక్కసారిగా ఆగిపోతే అదీ అనుమానమే కాబట్టి, దాన్ని తగ్గించొద్దన్నాను.

తేలనిది ఒకటుంది. ఈ విషయం ఆయనకి మొదట చెప్పింది చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషి. "ఆయన ఫోన్‌లో కూడా వేసేద్దామండీ" అన్నారు. ఆండ్రాయిడ్‌కి టార్ బ్రౌజర్ 2019 నుంచి ఉంది, వేయడం కష్టం కాదు. కానీ ఆ ఫోన్ చెరువు యజమాని కొనిచ్చింది, సిమ్ ఆయన పేరు మీదే, వైఫై షెడ్డుది, అప్పుడప్పుడు యజమాని కొడుకు ఆ ఫోన్ తీసుకుని చూస్తుంటాడు. అందులో టార్ గుర్తు కనపడితే చాలు, కాపలా మనిషి ఉద్యోగం పోతుంది, అంతకు మించి కూడా జరగొచ్చు. అందుకే వేయలేదు. వేరే పాత ఫోన్ ఒకటి ఇద్దామంటే, షెడ్డులో ఉండే మనిషి దాన్ని ఎక్కడ దాచుకుంటాడన్న దానికి మా ఇద్దరి దగ్గరా సమాధానం లేదు. ప్రస్తుతానికి వాళ్లిద్దరి మధ్య ఫోన్‌లో ఏమీ నడవడం లేదు, ఏదున్నా ఎదురుపడినప్పుడే మాట్లాడుకుంటున్నారు.